ఐసు లేని చెరువు

కొమ్ములపాలెంలో తెలివైనవాళ్ళెవరని ఊళ్ళో ఎవరినడిగినా కాసేపు బుర్ర గోక్కునేవారు. సింహాద్రిని అడిగితే మాత్రం ఆ అవసరమే ఉండేది కాదు. "మా ఇంట్లో ముగ్గురం ఉన్నామండి. బయట ఇంకెవరైనా ఉన్నారేమో నేను విచారించలేదు" అనేవాడు.

ఆ ముగ్గురూ ఎవరంటే సింహాద్రి, అతని భార్య పేరంటాలు, తమ్ముడు గవర్రాజు. వాళ్ళ తెలివంతా ఒక్కచోటే ఉంది. చెప్పిన మాటని చెప్పినట్టు వినడం, విన్నది విన్నట్టు చెయ్యడం. జనం ఒకటి విని ఇంకొకటి చేస్తారని, లోకం అందుకే ఇలా తగలడిందని సింహాద్రి గట్టి నమ్మకం.

ఒకసారి డాక్టరుగారు సింహాద్రికి బీపీ చూసి, ఇంట్లో ఉప్పు తగ్గించమన్నారు. అంతే, పేరంటాలు ఆ పూటే పై అరలో ఉన్న ఉప్పు డబ్బాని కింది అరలోకి దించేసింది. బీపీ తగ్గలేదు. డబ్బాని నేలమీద పెట్టింది. అయినా తగ్గలేదు. మళ్ళీ వెళ్తే డాక్టరుగారు కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఉప్పు ఇంకా బాగా తగ్గించాలన్నారు. ఇంకేముంది, గవర్రాజు పలుగు తీసుకుని పెరట్లో గొయ్యి తవ్వాడు.

గవర్రాజు కూడా తక్కువవాడేం కాదు. మేనత్త కూతురి పెళ్ళికి ఆలస్యంగా వెళ్తే, "నీకోసం చూసి చూసి కళ్ళు కాయలు కాశాయిరా" అంది మేనత్త. అంతే, జేబులోంచి టార్చిలైటు తీసి ఆవిడ కంట్లోకి వేసి చూశాడు. కాయలేం కనపడలేదు. ఇంకా పిందె దశలో ఉండుంటాయని సరిపెట్టుకుని భోజనానికి కూర్చున్నాడు.

వాళ్ళకున్న ఆస్తి ఊరి చివర ఒక రొయ్యల చెరువు. తండ్రి తవ్వించిపోయింది. అది తప్ప సెంటు భూమి లేదు. ఆ ఏడాది వేసవిలో ఎండలు మండిపోతున్నాయి. ఊళ్ళో అందరూ భయపడి చెరువుల్లో రొయ్యపిల్ల పల్చగా వేసుకున్నారు. సింహాద్రి మాత్రం ఒత్తుగా వేశాడు. పక్క చెరువు కనకయ్య వచ్చి, ఈ ఎండల్లో ఇంత పిల్ల వేస్తే మునిగిపోతావు సుమా అని మంచి మాటగా చెప్పాడు. సింహాద్రి అతన్ని కాస్త జాలిగా చూశాడు. మునిగిపోవడం ఈత రానివాళ్ళకి కదా. వీళ్ళన్నదమ్ములిద్దరూ చిన్నప్పటినించీ కాలవలో ఈదినవాళ్ళే. పేరంటాలుకే ఈత రాదు. ఆవిణ్ణి చెరువు వైపు రావద్దన్నాడు. దాంతో కనకయ్య చెప్పిన గండం గడిచిపోయిందనుకున్నాడు.

పైకి అలా ధీమాగా ఉన్నాడే గానీ, పడవలో నిలబడి మేత చల్లుతుంటే లోపల లెక్కలు వేసుకుంటూనే ఉండేవాడు. ఈ పంట పోతే చెరువు వేరేవాళ్ళకి లీజుకి ఇచ్చి, తను అదే గట్టు మీద కూలికి మేత చల్లాల్సిందే. ఆ ముక్క ఇంట్లో ఎవరితోనూ అనలేదు. అంటే పేరంటాలు అప్పుడే వెళ్ళి కూలికి కుదుర్చుకొస్తుందని భయం.

సరిగ్గా రొయ్య చేతికొచ్చే సమయానికి బావగారు ప్రకాశం దిగాడు. సింహాద్రి అక్క మొగుడు. విశాఖపట్నంలో కాలేజీలో ఇంగ్లీషు చెబుతాడు. సెలవుల్లో ఏదో పెళ్ళికి వచ్చి, పనిలో పనిగా బావమరుదుల్ని చూసిపోదామని వచ్చాడు. బస్సుకి టైమవుతోందంటూనే చెరువు గట్టెక్కి, నీళ్ళలోకి చూసి, పిల్ల ఎంత వేశారో అడిగి తెలుసుకున్నాడు. ఆయనకి ఏ సంగతైనా ముందు ఇంగ్లీషులో వస్తుంది. "సింహాద్రీ, యూ ఆర్ స్కేటింగ్ ఆన్ థిన్ ఐస్" అన్నాడు.

అలా అంటే ఏమిటని అడిగాడు సింహాద్రి. పాఠం చెప్పే మనిషి కదా, బస్సు సంగతి కూడా మరిచిపోయి అక్కడే అర్థం చెప్పడం మొదలెట్టాడు. చలిదేశాల్లో శీతాకాలం వస్తే చెరువుల మీద నీళ్ళు గడ్డకట్టి ఐసైపోతాయిట. జనం దాని మీద సరదాగా జారుతూ ఆడుకుంటారుట. ఐసు మందంగా ఉంటే ఏ భయమూ లేదు. పల్చగా ఉందా, పుటుక్కున విరుగుతుంది, మనిషి లోపలికి పోతాడు. అందుకని ఎవరైనా ప్రమాదం చూసుకోకుండా ఏ పనిలోనైనా దూకితే, వాడు పల్చటి ఐసు మీద జారుతున్నాడంటారుట. ఇంతలో రోడ్డు మీద బస్సు హారను వినపడింది. ప్రకాశం పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తాడు.

ఆయన వెళ్ళాక సింహాద్రి గట్టు మీద చతికిలబడ్డాడు. చెరువు వంక చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఒరే గవర్రాజూ, మన చెరువు మీద ఐసు ఎంత మందం ఉందిరా?"

గవర్రాజు వంగి చూసి, చెయ్యి పెట్టి చూసి, ఐసే లేదన్నయ్యా అన్నాడు.

"పల్చటి ఐసున్న చెరువుకే బావగారు అంత భయపడ్డారు. అసలు ఐసే లేని మన గతేమిటిరా?"

ఇన్నేళ్ళుగా ఐసు లేని చెరువు మీద వ్యాపారం చేశారు, తండ్రి కూడా అలాగే చేశాడు, ఊరంతా అలాగే చేస్తోంది. ఎవరికీ తట్టలేదు. తనకి తట్టినందుకు అంత భయంలోనూ సింహాద్రికి కాస్త గర్వం వేసింది. ఆ గర్వాన్ని తలుచుకునే తర్వాత రోజుల్లో అతను అందరికంటే ఎక్కువ నవ్వేవాడు. "నాకు బుర్ర లేకపోయినా బాగుండేదండి. కొంచెం ఉండటం వల్లే ఇంత దూరం వచ్చింది" అనేవాడు.

అంతే, అన్నదమ్ములిద్దరూ ట్రాలీ ఆటో కట్టించుకుని ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళారు. మందమైన ఐసు కావాలన్నాడు సింహాద్రి. అన్ని దిమ్మలూ ఒకే మందమన్నాడు గుమాస్తా. ఏ పనికి అని అడిగాడు. మనిషి నిలబడి జారడానికి అన్నాడు గవర్రాజు. గుమాస్తా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఎందుకొచ్చిన గొడవని ఒక దిమ్మ తోయించాడు. కరక్కుండా ఉండాలంటే పైన ఊక కప్పుకోమని కూడా చెప్పాడు. ఆ మాట సింహాద్రి జాగ్రత్తగా గుర్తు పెట్టుకున్నాడు.

దిమ్మని గట్టు మీదనించి చెరువులోకి జార్చారు. అది బుడుంగుమని మునిగి, పైకొచ్చి తేలింది. చాలావరకు నీళ్ళలో, వీపు మాత్రం పైన, తెల్లగా, ఆవు పడుకున్నట్టు ఉంది. గవర్రాజు దాని మీదకి ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే జర్రున జారి అవతలి పక్క నీళ్ళలో పడ్డాడు. బయటికొచ్చి, మొహం తుడుచుకుని, బావగారు చెప్పింది జారడమే కదా, జారింది కదా, అంటే పని సవ్యంగానే జరుగుతోందన్నాడు. సింహాద్రి తలూపాడు. రొయ్యలకి మేత చల్లే పడవని పక్కకి కట్టేసి, ఇద్దరూ పొద్దెక్కేదాకా ఎక్కడం, జారడం, పడటం చేశారు. గట్టు మీద మేకలు మేపుకునే ముసలామె ఇంటికి వెళ్ళడం మానేసి చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం ఎండ ముదిరింది. పొద్దున్న అంత మందంగా ఉన్న దిమ్మ ఇప్పుడు పీటంత అయింది. గవర్రాజు ఎక్కితే విరిగిపోయింది.

సింహాద్రి గట్టు మీదే లెక్క చూసుకున్నాడు. ఐసు లేనప్పుడు చెరువు చక్కగానే ఉంది. పొద్దున్న మందపాటి ఐసు పెట్టారు. మధ్యాహ్నానికి అది పల్చబడింది. బావగారు చెప్పిన ప్రమాదం కళ్ళెదుటే తయారవుతోంది. దాన్ని తామే డబ్బులు పోసి కొని తెచ్చారు. ఒక్క క్షణం తన బుర్ర మీద తనకే అనుమానం వచ్చింది. అనుమానం రావడం కూడా తెలివిగలవాళ్ళ లక్షణమే కదా అని తోచి, ఆ అనుమానం కాస్తా పోయింది.

ఇంకేముంది, మళ్ళీ ఫ్యాక్టరీకి. ఈసారి ఒకటి కాదు, అక్కడ ఎన్ని దిమ్మలుంటే అన్నీ కావాలన్నారు. గుమాస్తా ఇక కారణం అడగలేదు. అక్కణ్ణించి రైసుమిల్లుకి వెళ్ళి, ఉన్న ఊకంతా బస్తాల్లో ఎత్తించారు. పేరంటాలు ఈత రాదు గనక గట్టుకి కాస్త ఎడంగా నిలబడి, ఊక ఎటు చల్లాలో చేత్తో చూపించింది. దిమ్మల మీద చల్లారు. దిమ్మలు అటూ ఇటూ కొట్టుకుపోతుంటే నీళ్ళ మీద కూడా చల్లారు. సాయంత్రానికి చెరువు చెరువులా లేదు. నూర్చిన కళ్ళంలా ఉంది. ఊక పోయి నీళ్ళకి గాలి ఆడించే ఏరియేటర్లలో ఇరుక్కుంది. అవి కాసేపు గురగురమని, ఆగిపోయాయి. చప్పుడు లేకపోయేసరికి పేరంటాలుకి ప్రాణం హాయిగా ఉంది. చెరువు కూడా చల్లగా నిద్రపోతోందంది.

తెల్లారి వెళ్ళేసరికి ఊక కింద ఐసు జాడ లేదు. కానీ గట్టు పొడుగునా రొయ్యలు. మీసాలు బయటికి పెట్టుకుని, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, ఒడ్డుకి అంటుకుపోయి ఉన్నాయి. గవర్రాజు ముచ్చటపడ్డాడు. ఇన్నాళ్ళూ మేత చల్లినా ఒక్కటీ మొహం చూపించలేదు, నిన్న కాస్త చల్లదనం చేసిపెట్టేసరికి పలకరించడానికి వచ్చాయన్నాడు. పేరంటాలుకి కళ్ళు చెమ్మగిల్లాయి. గట్టుకి ఎడంగానే వంగి, "తిన్నారా అమ్మా" అని అడిగింది.

ఇంతలో కనకయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. రొయ్యలు గట్టుకొచ్చాయంటే నీళ్ళలో ఊపిరాడక చావడానికి సిద్ధంగా ఉన్నాయని, ఇంకో పూట ఆగితే ఒక్కటీ మిగలదని, చేతికొచ్చిన రొయ్యే కాబట్టి ఇప్పుడే పట్టించెయ్యమని చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా తన మనుషుల్నీ వలల్నీ కూడా పిలిపించాడు. సింహాద్రి గట్టు మీద నిలబడ్డాడు. వలలో ఎగిరెగిరి పడుతున్న ఆ రొయ్యల్ని చూస్తుంటే తండ్రి గుర్తొచ్చాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు.

రొయ్యలు కొనే ఏజెంటు మస్తాన్ గారికి ఫోను చేశారు. బండి తీసుకుని బయలుదేరతానన్నాడాయన. కానీ ఒక చిక్కుందన్నాడు. ఎండ చూస్తే మండిపోతోంది, ఐసు లేకపోతే రొయ్య గంటలో మెత్తబడిపోతుంది. ఊళ్ళో ఫ్యాక్టరీలో దిమ్మ కూడా మిగల్లేదుట. ఎవడో మొత్తం ఊడ్చుకుపోయాడుట. తను కైకలూరు వెళ్ళి ఐసు ఎక్కించుకుని వస్తాడు. అప్పటిదాకా మీరే ఎక్కడైనా ఐసు చూసుకుని రొయ్యని కాపాడుకోండన్నాడు. ఆ ఊడ్చుకుపోయింది మేమేనండి అని గవర్రాజు గర్వంగా చెప్పబోయాడు. అప్పటికే అవతల ఫోను పెట్టేశారు.

రొయ్యలు ట్రేలలోకి వచ్చాయి. కనకయ్య తన మనుషుల్ని తీసుకుని తన చెరువు చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఇక ముగ్గురూ మిగిలారు. ఐసు ఎక్కడ దొరుకుతుందో తెలియక సింహాద్రి బావగారికే ఫోను చేశాడు. మొదట ఐసు సంగతి చెప్పింది ఆయనే కదా.

జరిగిందంతా విని ప్రకాశం నెత్తి కొట్టుకున్నాడు.

"ఒరే నాయనా, అది ఐసు కాదురా. ఆ మాటలో ఐసు అంటే ప్రమాదం. అర్థమైందా? ఐసు అని వినపడినప్పుడల్లా ప్రమాదం అనుకో. అంతకుమించి నువ్వేమీ ఆలోచించకు."

సింహాద్రి బుర్రలో దీపం వెలిగినట్టయింది. బావగారు ముందే ఈ ముక్క చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఐసు అంటే ప్రమాదం. అయితే ప్రమాదం అంటే ఐసే కదా. ఊళ్ళో ఫ్యాక్టరీలో అయిపోతే అయిపోయింది, ప్రమాదం ఇంకెక్కడ దొరుకుతుందా అని ముగ్గురూ ఆలోచించారు. పేరంటాలుకే ముందు తట్టింది. పుట్టింటికి వెళ్ళేటప్పుడు బస్సులోంచి చూసేదిట. మెయిన్ రోడ్డు వంపు తిరిగేచోట పెద్ద బోర్డు మీద ఎర్రక్షరాలతో రాసి ఉంది. ప్రమాదకరమైన మలుపు.

"అంత పెద్దక్షరాలతో రాశారంటే అక్కడ బోలెడుండాలండీ" అంది.

అంతే, ట్రేలన్నీ ట్రాలీ ఆటోలోకి ఎక్కించారు. బయలుదేరేముందు పేరంటాలు ఇంట్లోకి పరుగెత్తి మూడు రగ్గులు, మూడు మంకీ క్యాపులు పట్టుకొచ్చింది. అంత ఐసు దగ్గర కూర్చుంటే జలుబు చేస్తుందని ఆవిడ భయం. ఆటోవాడు వాళ్ళని మలుపు దగ్గర దింపి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. కొమ్ములపాలెం ఆటోవాళ్ళు వీళ్ళని ఏమైనా అడగడం ఎప్పుడో మానేశారు.

నెత్తి మీద నడిమధ్యాహ్నపు సూర్యుడు. కాళ్ళ కింద తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. బోర్డు కింద ట్రేలు వరసగా పేర్చి, వాటి పక్కనే ముగ్గురూ రగ్గులు కప్పుకుని, మంకీ క్యాపులు గడ్డం దాకా లాక్కుని కూర్చున్నారు. పోయే లారీలు వేగం తగ్గించి మరీ చూసి వెళ్తున్నాయి. కాసేపటికి సింహాద్రి మొహం మీద చెమట ధారలు కట్టింది. కనుబొమల మీదనించి ముక్కు మీదకి, ముక్కు మీదనించి రగ్గు మీదకి టపటపా పడుతోంది. గవర్రాజు అది చూసి కంగారుపడ్డాడు.

"అన్నయ్యా, ఐసు అప్పుడే కరగడం మొదలెట్టింది. తొందరగా రొయ్యల మీదకి వంగు."

సింహాద్రి వంగాడు. తమ్ముడూ వంగాడు. పేరంటాలు కూడా రగ్గు పక్కకి తోసి వంగింది. ముగ్గురూ రొయ్యల మీద శ్రద్ధగా చెమట కారుస్తుండగా మలుపు తిరిగి మస్తాన్ గారి బండి వచ్చింది.

బోర్డు ఉండబట్టి డ్రైవరు వేగం తగ్గించాడు. వేగం తగ్గబట్టి మస్తాన్ గారికి వీళ్ళు కనపడ్డారు. ఆయన దిగి, వాళ్ళ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎందుకిలా కూర్చున్నారని అడగబోయి, రొయ్య మీద చెయ్యి పెట్టి చూసి, అడగడానికి టైము లేదని ముందు కైకలూరు ఐసు దింపించాడు. ఇంకాస్త ఆగితే దక్కేది కాదన్నాడు. కింద వరసలో ఉన్న ట్రేలు పోయాయి. మిగతావి నిలిచాయి. పెద్ద లాభమేమీ రాలేదు గానీ చెరువు లీజుకి ఇచ్చే అవసరం తప్పింది. ఆయన చెప్పిన లెక్క విన్నాక సింహాద్రి మంకీ క్యాపు తీసి మొహం దాచుకుని ఏడ్చాడు. ఇది ఐసు కరగడం కాదని మాత్రం అతనికి బాగా తెలుసు.

ఐసు చివరికి ఆ బోర్డు దగ్గరికే వచ్చిందని పేరంటాలు అప్పటికప్పుడే భర్తకి గుర్తు చేసింది. కాదనడానికి సింహాద్రికి కారణం కనపడలేదు.

వెళ్ళేముందు మస్తాన్ గారు బండిలోంచి తల బయటపెట్టి, పెద్దమనిషి కదా, ఒక మంచి మాట చెప్పాడు. ఈసారికి అదృష్టం కొద్దీ గట్టెక్కారు, వచ్చే పంటకి మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేసుకోండన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర సింహాద్రి ఆ మాట గురించి చాలా ఆలోచించాడు. ఇంగ్లీషు మాటలు నమ్మి ఒకసారి మోసపోయారు. ఇది తెలుగు మాట. అందులోనూ మస్తాన్ గారు అబద్ధం చెప్పే మనిషి కాదు. తన ఒళ్ళు ఎప్పుడూ తన దగ్గరే ఉంటుంది, దాన్ని ప్రత్యేకంగా పెట్టుకునేదేముంది? అంటే ఆయన చెప్పింది ముగ్గురి ఒళ్ళ గురించన్నమాట. ఎడంగా ఉండబట్టే ఇంత ముప్పు వచ్చింది. పేరంటాలుని చెరువు దగ్గరికి రావద్దని తనే కదా అన్నాడు. పాపం, తప్పు తనదే.

మర్నాడు పొద్దున్నే కొమ్ములపాలెం జనం ఒక వింత చూశారు. పడవ కట్టే మోకుతో ముగ్గురూ నడుములు కలిపి కట్టుకుని, ఒకరికొకరు అంటుకుపోయి, నీళ్ళు తోడేసిన ఖాళీ చెరువు చుట్టూ ఊక ఎత్తడానికి వచ్చారు. గట్టు సన్నం. ముందు గవర్రాజు, మధ్యలో సింహాద్రి, వెనక పేరంటాలు. గవర్రాజు కుడికాలు వేస్తే సింహాద్రి ఎడమకాలు వేశాడు. పేరంటాలు ఏ కాలూ వెయ్యలేదు. ఇంకేముంది, ముగ్గురూ కట్టెల మోపులా దొర్లి చెరువు అడుగున బురదలో నడుముదాకా కూరుకుపోయారు.

గట్టు మీద కనకయ్య తల పట్టుకున్నాడు. బురదలోంచి సింహాద్రి ముందు తమ్ముణ్ణి తడిమి చూశాడు, తర్వాత పెళ్ళాన్ని తడిమి చూశాడు. ఇద్దరూ ఉన్నారు. తృప్తిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"మస్తాన్ గారి మాట ఎంత నిజమో చూశావా పేరంటాలూ. ఒళ్ళు దగ్గర పెట్టుకోబట్టి సరిపోయింది. లేకపోతే వీడొక్కడే పడిపోయేవాడు."